ఎండకు తెల్లబారిన కారు ప్లాస్టిక్‌కు, గోధుమరంగు తిరిగిన టైర్లకు ఏ డ్రెస్సింగ్ మంచిది?

ప్రశ్న – టెక్కలి సభ్యుడు

సభ్యులందరికీ నమస్కారం. నేను టెక్కలిలో ఉపాధ్యాయుడిని. బడి ఆవరణలో నీడ లేకపోవడం వల్ల నా కారు పగలంతా ఎండలోనే ఉంటుంది. కొని ఆరేళ్లు దాటింది. పెయింటుకు ఏ లోటూ రాలేదు గానీ, పెయింటు వేయని నల్ల ప్లాస్టిక్ భాగాలు, అంటే బంపర్ల కింది అంచులు, చక్రాల చుట్టూ ఉండే క్లాడింగ్, వైపర్ల కింది పలక, పూర్తిగా వెలిసి తెల్లబారాయి. టైర్ల పక్కభాగాలు గోధుమరంగుకు తిరిగాయి. వాటర్ సర్వీసింగు చేయించినచోట ప్రతిసారీ డ్రెస్సింగ్ అంటూ ఏదో జిడ్డుగా ఉండే ద్రవం పూసి నల్లగా మెరిపించి ఇస్తున్నారు. మాది గ్రానైట్ లారీలు తిరిగే రోడ్డు కనుక సాయంత్రానికే రాతిపొడి ఆ జిడ్డుకు అంటుకుంటోంది. పైగా చక్రాల వెనుక తలుపుల మీద నల్ల చుక్కలు పడుతున్నాయి. దుకాణంలో అడిగితే టైరుకు, ప్లాస్టిక్‌కు, డ్యాష్‌బోర్డుకు అంటూ రకరకాల సీసాలు చూపించారు. అన్నింటికీ ఒకటే సరిపోతుందా? ఇవి నిజంగా రబ్బరును, ప్లాస్టిక్‌ను కాపాడతాయా, లేక పైమెరుపేనా? తెలిసినవారు వివరించగలరు.

సమాధానం – నరసన్నపేట సభ్యుడు

మాష్టారికి నమస్కారం. జాతీయ రహదారి పక్కన కార్ల సర్వీసింగు పనిలో ఉన్నవాణ్ణి కనుక మీరు చెప్పిన పరిస్థితి నాకు రోజూ ఎదురయ్యేదే. ఇచ్ఛాపురం నుంచి విజయనగరం దాకా ఎండ, దుమ్ము, తీరం వెంబడి ఉప్పుగాలి, మూడూ ఉన్న మన ప్రాంతంలో, పూసిన తరువాత చేతికి అంటకుండా ఆరిపోయే నీటి ఆధారిత డ్రెస్సింగునే ఎంచుకోండి. తడి ఆరనట్టు మెరుస్తూ ఉండిపోయే రకం ఎంత ఖరీదైనదైనా తీసుకోవద్దు.

ముందుగా ఆ గోధుమరంగు గురించి చెబుతాను. టైరు రబ్బరులో, గాలిలో ఉండి రబ్బరును బీటలు వార్చే ఓజోన్ వాయువు నుంచి కాపాడే రసాయనాలను, మైనాన్ని తయారీ సమయంలోనే కలుపుతారు. బండి నడుస్తున్నప్పుడు టైరు వంగుతూ, సాగుతూ ఉండటం వల్ల అవి లోపలి నుంచి కొద్దికొద్దిగా పైకి వచ్చి, గాలికీ రబ్బరుకూ మధ్య పల్చని పొరగా నిలుస్తాయి. వాటిలో బాగా వాడుకలో ఉన్న సిక్స్‌పీపీడీ అనే రసాయనం గాలి తగిలితే గోధుమరంగుకు మారుతుంది. అందువల్ల ఆ రంగును చూసి టైరు పాడయిందని కంగారు పడనక్కరలేదు. నెలల తరబడి కదలకుండా ఉంచిన కార్ల టైర్లు త్వరగా బీటలు వారడానికి కూడా కారణం ఇదే. టైరు తిరగకపోతే ఆ మైనం పైకి రాదు.

సర్వీసింగు కేంద్రాల్లో పూసే చవకరకం ద్రవాల్లో చాలావాటికి పెట్రోలియం ద్రావకాలే ఆధారం. పదేపదే పూస్తే ఆ ద్రావకం రబ్బరులోకి ఇంకి, టైరును కాపాడవలసిన ఆ మైనాన్నీ, రసాయనాలనూ కరిగించేస్తుంది. సిలికాన్ ఉన్నదేదైనా టైరును తినేస్తుందని చాలామంది అంటుంటారు, అది నిజం కాదు. నీటి ఆధారిత డ్రెస్సింగుల్లో కూడా సిలికాన్ ఉంటుంది, దానివల్ల రబ్బరుకు హాని లేదు. చూసుకోవలసింది దానితో పాటు కలిపిన ద్రావకాన్ని.

దుకాణంలో తేడా కనిపెట్టడం కష్టం కాదు. నీటి ఆధారిత రకం సాధారణంగా పాలలా తెల్లగా ఉంటుంది. ద్రావకం రకం పారదర్శకంగా, కిరోసిన్ వాసనతో ఉంటుంది, సీసా మీద మండే పదార్థమని మంట గుర్తు ఉంటుంది. ఇంటికి తెచ్చాక ఇంకా అనుమానంగా ఉంటే, గాజు గ్లాసులో నీళ్లు పోసి అందులో కొద్ది చుక్కలు వేసి కలపండి. నీటిలో కలిసిపోయి గ్లాసంతా తెల్లబడితే నీటి ఆధారితం. నూనెలా విడిపోయి పైకి తేలితే దాన్ని టైరుకు పూయవద్దు.

ఇక పూసే పద్ధతి. ఎంత మంచి డ్రెస్సింగు అయినా పాత జిడ్డు మీద పూస్తే నిలవదు. టైరును నీటితో తడిపి, ఆల్ పర్పస్ క్లీనర్‌ను సీసా మీద చెప్పిన పాళ్లలో కలిపి చల్లి, గట్టి కుచ్చులున్న బ్రష్షుతో రుద్దండి. మొదటిసారి నురుగు టీ డికాక్షన్ రంగులో కారుతుంది. కడిగి మళ్లీ రుద్దండి, నురుగు తెల్లగా వచ్చేదాకా ఆపవద్దు. తరువాత పూర్తిగా ఆరనివ్వాలి. అక్షరాల గాడుల్లో తడి మిగిలితే అక్కడ డ్రెస్సింగు పట్టదు. స్పాంజి మీద కొద్దిగా తీసుకుని పల్చగా పూసి, పావుగంట ఆగి, పొడి గుడ్డతో ఒకసారి తుడిచేయండి. మీ తలుపుల మీద పడుతున్న నల్ల చుక్కలకు కారణం ఎక్కువగా పూయడం, తుడవకుండానే బండి తీయడం. చక్రం తిరిగినప్పుడు మిగులు ద్రవం వెనక్కి చిమ్ముతుంది.

రోడ్డును తాకే ట్రెడ్ భాగానికి మాత్రం చుక్క కూడా తగలనివ్వకండి. బ్రేకు డిస్కు మీద పడకుండా నేరుగా చక్రం మీద స్ప్రే చేయడం మానేసి, స్పాంజితోనే పూయండి.

సందేహం – బొబ్బిలి సభ్యురాలు

అన్నయ్యగారూ, మా ఇంట్లో కారు టైర్లకు కొబ్బరినూనె, బంపరుకు నల్ల బూటు పాలిషు రాయడం అలవాటు. కారు కింద డీజిలు కొట్టించడం కూడా మా వైపు మామూలే. వీటివల్ల ఇబ్బంది ఉంటుందా? డ్యాష్‌బోర్డుకు టైరు పాలిషే రాయవచ్చా?

సమాధానం – నరసన్నపేట సభ్యుడు

అమ్మా, కొబ్బరినూనె ఆరదు, దుమ్మును పట్టుకుంటుంది, ఎండ నుంచి ఏమీ కాపాడదు. బూటు పాలిషు మొదటి వానకే కరిగి పెయింటు మీదకు చారలుగా దిగుతుంది, ఆనుకుంటే చీరకు, చొక్కాకు అంటుతుంది. డీజిలుతో ఇంకా ఎక్కువ నష్టం. కారు కింది రబ్బరు బుష్షులు, కీళ్లకు తొడిగే రబ్బరు తొడుగులు (బూట్లు), టైరు లోపలివైపు, వేటి మీద డీజిలు పడినా ఉబ్బి మెత్తబడతాయి. దయచేసి వద్దని చెప్పి సర్వీసింగు చేయించండి.

డ్యాష్‌బోర్డుకు టైరు పాలిషు అసలు వాడకూడదు. మెరుపు ఎండలో ముందు అద్దం మీద ప్రతిఫలించి రోడ్డు కనబడనివ్వదు. లోపలి ప్లాస్టిక్ కోసమే చేసిన, మెరుపు లేని మ్యాట్ రకం నీటి ఆధారిత ప్రొటెక్టెంట్ తీసుకుని, గుడ్డ మీద వేసి తుడవండి. స్టీరింగు, పెడళ్లు, కాళ్ల కింది మ్యాట్లు, వీటికి మాత్రం ఏదీ రాయవద్దు, జారతాయి. స్కూటర్లు, మోటారుసైకిళ్ల టైర్లకు కూడా పూయకూడదు. మలుపులో బండి వాలినప్పుడు టైరు అంచు కూడా రోడ్డును పట్టుకోవాలి.

మరో సందేహం – టెక్కలి సభ్యుడు

ధన్యవాదాలండి. గ్లాసులో కలిపి చూశాను. పాత సీసాలోది పైకి తేలింది, కొత్తగా తెచ్చినది పాలలా కలిసిపోయింది. టైర్ల సంగతి అర్థమైంది. తెల్లబారిన ప్లాస్టిక్‌కు కూడా ఇదే పూయవచ్చా, లేక వేడిగాలి గన్నుతో నల్లగా చేస్తారని విన్నాను, అది చేయించనా?

సమాధానం – నరసన్నపేట సభ్యుడు

ఆ నల్ల భాగాలు ఎక్కువగా పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్‌వి. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పైపొర సన్నగా చెడి, వెలుగును చెదరగొట్టడం వల్ల తెల్లగా కనబడుతుంది. వేడిగాలి గన్ను పెడితే అప్పటికి నల్లబడుతుంది గానీ, పాడైన పొర అలాగే ఉంటుంది కనుక మళ్లీ వెలుస్తుంది; ఒక్క క్షణం ఎక్కువసేపు పెడితే గరుకు గీతలు కరిగి నున్నగా అయిపోతాయి, పక్కనున్న పెయింటు కూడా దెబ్బతింటుంది. నేను దాన్ని సిఫారసు చేయను.

మీ దగ్గరున్న నీటి ఆధారిత డ్రెస్సింగు ప్లాస్టిక్‌కు కూడా పనికొస్తుందని లేబుల్ మీద రాసి ఉంటే పూయవచ్చు. అది కొన్ని వారాలు నిలుస్తుంది. వానాకాలంలో ఇంకా త్వరగా పోతుంది. మీ బండి రోజూ ఎండలో ఉంటుంది, ప్లాస్టిక్ కూడా బాగా వెలిసింది కనుక, ప్లాస్టిక్ ట్రిమ్ కోసం ప్రత్యేకంగా చేసిన సిరామిక్ కోటింగు (ఆరాక గట్టిపడి అంటిపెట్టుకునే పూత) చిన్న సీసా కొనడమే మేలని నా అభిప్రాయం. ధర ఎక్కువైనా నెలల తరబడి నిలుస్తుంది, చేతికి అంటదు, దుమ్మును పట్టుకోదు.

అయితే అది శుభ్రం చేయడంలో పొరపాటును క్షమించదు. ముందు క్లీనరుతో బ్రష్షు పెట్టి రుద్ది, పూర్తిగా ఆరాక, నీరు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి పాత జిడ్డు ఏమాత్రం లేకుండా చేయాలి. గరుకు భాగాల్లో వ్యాక్స్ పాలిషు తెల్లగా ఎండిపోయి ఉంటే పిల్లలు పెన్సిలుకు వాడే రబ్బరుతో రుద్దితే వచ్చేస్తుంది. పెయింటు అంచుల వెంట మాస్కింగ్ టేపు అంటించి, నీడలో, ప్లాస్టిక్ చల్లగా ఉన్నప్పుడు చిన్న భాగాన్ని తీసుకుని పూసి, మిగులును వెంటనే తుడుస్తూ వెళ్లండి. ఆలస్యమైతే మచ్చలు ఎండిపోయి వదలవు. వైపర్ల కింది పలకతో మొదలుపెట్టవద్దు. వెనుక బంపరు కింద కనబడని మూల ఒకచోట వేసి చూసి, రంగు నచ్చితేనే మిగతాది చేయండి. తరువాత లేబుల్‌లో చెప్పినంతసేపు తడి తగలకూడదు కనుక వాన సూచన లేని రోజు చూసుకోండి.

తలుపుల చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు మాటకు వస్తే, తీరం వైపు తరచూ వెళ్లేవారు ముందు మంచినీటి గుడ్డతో ఉప్పు, ఇసుక తుడిచి, తరువాత సిలికాన్ ఆధారిత రబ్బరు లూబ్రికెంటును సన్నగా రాయాలి. అప్పుడు తలుపు అంటుకోదు, బీడింగు చిరగదు. ఎప్పుడైనా బంపరుకు పెయింటు వేయించవలసి వస్తే, సిలికాన్ డ్రెస్సింగు వాడామని పెయింటరుకు ముందే చెప్పండి. అది కొంచెం మిగిలినా కొత్త పెయింటులో చిన్న చిన్న గుంటలు పడతాయి.

ఇంకొకటి, మాష్టారూ. టైరు కడిగినప్పుడు పక్కభాగాన్ని వెలుతురులో దగ్గరగా చూడండి. బీటలు కనబడితే ఏ డ్రెస్సింగూ వాటిని పూడ్చదు, నల్లగా కప్పి దాచేస్తుంది. టైరు మీద డాట్ అన్న అక్షరాల తరువాత చివర ఉండే నాలుగు అంకెలు తయారీ వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం. ఐదేళ్లు దాటిన టైర్లను ఏటా నిపుణుడికి చూపించమని, పదేళ్లు నిండితే అరగకపోయినా మార్చేయమని మిషెలిన్ వంటి తయారీదారులు చెబుతారు. మీవి కారుతో వచ్చిన టైర్లే అయితే డ్రెస్సింగు పూయకముందే ఒకసారి చూపించండి, స్టెప్నీని కూడా మరచిపోకుండా.