అప్‌డేట్: కోడి రక్తకణాల క్రొమాటిన్ జెల్‌లో నిచ్చెన మెట్లు కనిపించాయి

నేను ముందు అడిగింది ఇదీ: కోడి ఎర్ర రక్తకణాల కేంద్రకాల్లోని క్రొమాటిన్‌ని (హిస్టోన్ ప్రొటీన్లకు చుట్టుకున్న డీఎన్ఏని) మైక్రోకాకల్ న్యూక్లియేజ్ అనే డీఎన్ఏ కోసే ఎంజైమ్‌తో కోస్తే, డీఎన్ఏ జెల్ బావిలోనే (నమూనా పోసే గుంటలోనే) ఉండిపోతోంది, ఎంజైమ్ పెంచి అరగంట ఉంచితే అడుగున 150 బేస్ జతల దగ్గర ఒక్క పట్టీయే మిగులుతోంది. ఎందుకని?

తప్పు ఈడీటీఏది. రక్తం గడ్డకట్టకుండా వేసింది కేంద్రకాలతోపాటే వచ్చేసింది. ఈ ఎంజైమ్‌కి కాల్షియం లేనిదే పని జరగదు, ఈడీటీఏ దాన్ని పట్టేసుకుంటుంది. ఈడీటీఏ లేని బఫర్‌తో రెండుసార్లు కడిగి, 1 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్ వేసి, 37 డిగ్రీల దగ్గర 1, 2, 5, 10 నిమిషాలకు ఒక్కో ట్యూబు తీసి, కాల్షియాన్ని పట్టేసుకునే ఈజీటీఏని 10 మిల్లీమోలార్ వేసి కోత ఆపాను. 2 నిమిషాల ట్యూబులో మెట్లు ఎంత స్పష్టంగా వచ్చాయో! ఒక్కో మెట్టుకి సుమారు 210 బేస్ జతల తేడా.

ఒక్క పట్టీకి కారణమూ ఇక్కడే దొరుకుతుంది. H2A, H2B, H3, H4 అనే హిస్టోన్లు రెండేసి చొప్పున కలిసిన గుత్తి చుట్టూ 147 బేస్ జతల డీఎన్ఏ చుట్టుకుని ఉంటుంది. ఎంజైమ్ మొదట గుత్తుల మధ్య ఉన్న డీఎన్ఏని, అంటే లింకర్‌ని కోస్తుంది. ఎక్కువసేపు ఉంచితే లింకరంతా పోయి, చుట్ట ఒక్కటే మిగులుతుంది. కోడి ఎర్ర కణాల్లో లింకర్ పొడవు ఎక్కువే; అక్కడ లింకర్ దగ్గర ఉండే హిస్టోన్ H1 స్థానంలో చాలావరకు H5 ఉంటుంది.

జెల్‌లో వేసే ముందు ఎస్‌డీఎస్ (డిటర్జెంట్), ప్రొటీనేజ్ కె (ప్రొటీన్లను కోసే ఎంజైమ్) వేసి 55 డిగ్రీల్లో 2 గంటలు ఉంచడం మానకండి. హిస్టోన్లు వదలకపోతే డీఎన్ఏ మళ్లీ బావి దాటదు. జెల్‌కి అగరోజ్ 1.5 శాతం సరిపోయింది.