పాత మారుతి 800: తాళంచెవి వదిలితే ఇంజన్ ఆగిపోతోంది

ప్రశ్న (కొళత్తూరు, చెన్నై)
అందరికీ నమస్కారం. నాన్నగారి 2003 నాటి మారుతి 800ని ఇప్పుడు నేను నడుపుతున్నాను. పది రోజులుగా దానికి కొత్త జబ్బు పట్టుకుంది. తాళంచెవి తిప్పితే సెల్ఫ్ బాగానే పడుతుంది, ఇంజన్ అందుకుంటుంది, చెవి వదలగానే ఆగిపోతుంది. వేలితో ఒక పక్కకు నొక్కిపట్టి ఉంచితే నడుస్తుంది. మొన్న కోయంబేడు వంతెన ఎక్కుతుండగా చిన్న గతుకు తగిలింది. డ్యాష్‌బోర్డులో లైట్లన్నీ ఆరిపోయి బండి నిలబడిపోయింది. వెనక ఉన్న బస్సు డ్రైవరు నన్ను ఏమన్నాడో ఇక్కడ రాయలేను. షెడ్డులో చూపిస్తే తలుపుల తాళాలతో సహా సెట్టు మొత్తం మార్చాలన్నారు. నిజంగా అంత అవసరమా? వచ్చే వారం నెల్లూరు వెళ్లాలి.

జవాబు (పెరంబూరు)
ముందు బ్యాటరీ టెర్మినళ్లు చూడండి. మా బండి ఇలాగే మొరాయిస్తే వేడినీళ్లతో తెల్లటి చిలుము కడిగి బిగించాం, దారికి వచ్చింది.

జవాబు (అంబత్తూరు)
పెరంబూరు వారు ఏమీ అనుకోవద్దు, ఇది బ్యాటరీ కాదు. బండిలో అన్నిటికంటే ఎక్కువ కరెంటు తాగేది సెల్ఫ్ మోటారు. టెర్మినల్ వదులైతే మొదట మూలిగేది అదే. ఇక్కడ సెల్ఫ్ చక్కగా పడుతోంది.

ఇంకో ఆనవాలు కూడా ఆయనే చెప్పారు. పెట్రోలు అందకో మరో కారణంతోనో ఇంజన్ ఆగితే బ్యాటరీ లైటు, ఆయిల్ లైటు వెలుగుతాయి. ఈయన బండిలో లైట్లన్నీ ఆరిపోయాయి. అంటే తాళం దగ్గరే కరెంటు తెగిపోతోంది.

తాళం అని మనం ఒకే మాటలో అనేస్తాం గానీ అవి రెండు వస్తువులు. చెవి దూరేది బ్యారెల్. దాని వెనక ప్లాస్టిక్ డబ్బీలా ఉండేది ఇగ్నిషన్ స్విచ్, వైర్లన్నీ వచ్చి చేరేది అక్కడికే. స్టార్ట్ స్థానంలో ఇంజన్ అందుకుని, ఆన్ స్థానానికి రాగానే ఆగిపోతోందంటే ఆ డబ్బీలో ఆన్ కాంటాక్టు అరిగింది. చెవి సాఫీగా తిరుగుతుంటే బ్యారెల్ జోలికి వెళ్లకండి. స్విచ్ ఒక్కటే మారిస్తే పాత చెవే పనిచేస్తుంది. చెవిలో దొంగతనం నివారణ చిప్ ఉన్న బండి అయినా ఇబ్బంది లేదు. సెట్టు మొత్తం మార్చమనడం పంటినొప్పికి దవడ తీసేయమన్నట్టుంది.

కొనేముందు ఒక పరీక్ష చేయండి. స్టీరింగ్ కింది ప్లాస్టిక్ తొడుగు స్క్రూలు విప్పి, కప్లర్ (వైర్లు స్విచ్‌కు తగులుకునే ప్లాస్టిక్ జోడింపు) ఊడదీయకుండానే దాని వెనక నుంచి మల్టీమీటరు ముళ్లు పెట్టండి. ఒకటి బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే వైరుకు, రెండోది ఆన్‌లో కరెంటు ఇచ్చే వైరుకు. చెవి ఆన్‌లో ఉంచి బ్లోయర్ తిప్పండి. మీటరు దాదాపు సున్నా చూపాలి. అర వోల్టు దాటినా, చెవి కదిపినప్పుడల్లా అంకె ఎగిరిపడినా స్విచ్‌కు కాలం చెల్లినట్టే.

మార్చేటప్పుడు మాత్రం మొదట బ్యాటరీ నెగెటివ్ విప్పండి. స్విచ్‌కు వచ్చే మెయిన్ వైరులో చెవి తీసేసినా కరెంటు ఉంటుంది. పానా తగిలి మెరుపు వచ్చాక గుర్తొచ్చి లాభం లేదు. నెల్లూరు రోడ్డు మీద ఇంజన్ ఆగితే బ్రేకు రెండు మూడు నొక్కుల తర్వాత రాయిలా గట్టిపడుతుంది, కాబట్టి బాగుచేయించే దాకా ప్రయాణం వద్దు.

జవాబు (వేళచ్చేరి)
కొత్త స్విచ్ మన చెన్నై జీపీ (జనరల్ ప్యాటర్స్) రోడ్డు దుకాణాల్లో దొరుకుతుంది. పాతది విప్పి చేత్తో పట్టుకెళ్లండి, కప్లర్ పిన్నుల వరుస పోల్చి చూశాకే డబ్బు ఇవ్వండి. పుదుపేటలో పాత సామాను చవకే. అద్దాలు, తలుపు పిడులు నేనూ అక్కడే కొంటాను. కానీ అరిగిపోయే వస్తువు ఇంకొకరు అరగదీసింది కొనడం ఎందుకు?

జవాబు (పెరంబూరు)
ఇవన్నీ లేకుండా డ్యాష్‌బోర్డుకు ఒక బటన్ పెట్టించుకోవచ్చు కదా?

జవాబు (అంబత్తూరు)
పెట్టించుకోవచ్చు, దొంగ కూడా అదే బటన్ నొక్కుతాడు.

ప్రశ్న అడిగినవారు (కొళత్తూరు)
ఆదివారం పని పూర్తయింది. మీటరు ఒకటిన్నర వోల్టు చూపింది, చెవి కదిపితే రెండు దాటింది. పాత స్విచ్ ఊరికే ఉండలేక విప్పి చూశాను. ఇత్తడి రేకు ఒక మూల నల్లగా మాడి గుంట పడింది, గ్రీజు ఎండిపోయి మైనంలా పెళ్లలు కట్టింది. మీరెవరూ చెప్పనిది ఇంకొకటి బయటపడింది. కప్లర్‌లో ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ కరిగి గోధుమరంగుకు తిరిగింది, పిన్ను వదులుగా ఊగుతోంది. వైరింగ్ మేస్త్రిని పిలిచి ఆ పిన్ను కూడా మార్పించాను. చెవి వదిలినా ఇప్పుడు ఇంజన్ ఆగడం లేదు.

జవాబు (అంబత్తూరు)
పిన్ను చూడటం మంచిదైంది, నేను చెప్పాల్సిన మాట అది. దాన్ని వదిలేసి ఉంటే ఆ వేడికి కొత్త స్విచ్ కూడా మాడేది. మేస్త్రి మళ్లీ వస్తే సెల్ఫ్‌కు ఒక 30 ఆంపియర్ల రిలే పెట్టించండి. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్. 30వ పిన్నుకు బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా వైరు, 87 నుంచి సెల్ఫ్ సోలినాయిడ్‌కు (సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే అయస్కాంత స్విచ్), 86కు తాళం నుంచి వచ్చే స్టార్ట్ వైరు, 85కు ఎర్త్. అప్పుడు సోలినాయిడ్ లాగే కరెంటు భారం తాళం స్విచ్ మీద పడదు, స్టార్ట్ కాంటాక్టు ఎక్కువ కాలం మన్నుతుంది. చెవి గుత్తికి ఇంటి తాళాలన్నీ తగిలించి ఉంటే తీసేయండి. బ్యారెల్ బిగుసుకుంటే గ్రాఫైట్ పొడి చల్లండి.

ప్రశ్న అడిగినవారు (కొళత్తూరు)
నాన్నగారు ఏటా దసరాకు అందులో కొబ్బరినూనె పోసేవారు. ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు. గుత్తిలోంచి బీరువా తాళం, గోద్రెజ్ తాళం, ఎవరిదో తెలియని ఇంకో తాళం తీసేశాను. గురువారం నెల్లూరు బయల్దేరుతున్నాం.