పొద్దున పూట పికప్ లేదు, రెండు కిలోమీటర్లు పోతే మామూలే. ఎక్కడ చూడాలి?

పెన్నా ఒడ్డు:
2018 మోడల్ కారు, 1.2 లీటర్ పెట్రోల్, కంపెనీ నుంచే వచ్చిన సీఎన్‌జీ. 78 వేలు తిరిగింది. పొద్దున సెల్ఫ్ ఒక్కసారికే అందుకుంటుంది. గేరు వేసి కదిలిస్తే మాత్రం ఎంత తొక్కినా బండి లేవదు. 2000 ఆర్‌పీఎం దగ్గర తడబడి, ఉన్నట్టుండి జర్క్ ఇచ్చి లాగుతుంది. రెండు కిలోమీటర్లు దాటితే ఏమీ ఉండదు. చెక్ ఇంజిన్ లైటు లేదు. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ మార్చినా అంతే. షెడ్డుకు పోయేసరికి ఇంజిన్ వేడెక్కి ఉంటుంది కాబట్టి వాళ్లకు ఏమీ దొరకడం లేదు. అయినా మన నెల్లూరులో చలెక్కడిది, ఇదేం జబ్బు?

ఒంగోలు స్కానర్:
మనకు ఉక్కపోసే 25 డిగ్రీలు కూడా ఇంజినుకు చలే. అది పనిచేయాల్సింది 85, 90 దగ్గర. చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు సరిగా ఆవిరి కాదు, కొంత వాల్వులకూ మానిఫోల్డ్ (ఇంజిన్లోకి గాలి పోయే గొట్టాల) గోడలకూ అంటుకుపోతుంది. ఆ లోటు పూడ్చడానికి ఈసీఎం (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) కాస్త ఎక్కువ పోస్తుంది. ఎంత ఎక్కువో అది నిర్ణయించేది ముఖ్యంగా కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) వేడి చెప్పే సెన్సార్ మాట మీద. పొగ గొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సార్ 300 డిగ్రీల దాకా వేడెక్కితే గానీ పనిలోకి దిగదు. దిగాక తప్పును సర్దేస్తుంది, మనం బాగైపోయిందనుకుంటాం.

కాబట్టి రాత్రంతా ఆగిన బండికి స్టార్ట్ చేయకముందే చూడాలి. బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్ లెక్కలు ఫోనులో చూపే పరికరం) చాలు. కీ ఆన్ చేసి కూలెంట్, ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రతలు రెండూ చదవండి. మూడు నాలుగు డిగ్రీలకు మించి తేడా ఉండకూడదు. గాలి 26, కూలెంట్ 55 అని చూపిస్తే సెన్సార్ పోయినట్టే. ఇంజిన్ వేడిగా ఉందనుకుని ఈసీఎం పెట్రోలు తగ్గిస్తుంది. మల్టీమీటరుతో అయితే 20 డిగ్రీల దగ్గర రెండు మూడు కిలో ఓములు, 80 దగ్గర 300 ఓముల చుట్టుపక్కల రావాలి. సెన్సార్ కొనేముందు కనెక్టర్ ఊడదీసి పిన్నులు చూడండి. మన తీరంలో ఉప్పుగాలికి పచ్చగా చిలుం పడతాయి.

తర్వాత ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీఎం పెట్రోలును తన లెక్క కన్నా ఎంత శాతం పెంచుతోందో (ప్లస్), తగ్గిస్తోందో (మైనస్) చెప్పే అంకె. ఐడిల్‌లో (తొక్కకుండా వదిలేసినప్పుడు) ప్లస్ ఎక్కువగా ఉండి 2500 ఆర్‌పీఎంకు తగ్గితే ఎక్కడో గాలి లాగుతోంది: పీసీవీ పైపు (ఇంజిన్ లోపలి ఆవిర్లను మానిఫోల్డ్‌కు తెచ్చేది), బ్రేక్ బూస్టర్ పైపు, మానిఫోల్డ్ గాస్కెట్. అయితే మ్యాప్ సెన్సార్ (మానిఫోల్డ్ ఒత్తిడి కొలిచేది) ఉన్న ఇంజిన్లలో గాలి లీకుకు ట్రిమ్ పెద్దగా కదలదు, ఐడిల్ ఆర్‌పీఎం పెరుగుతుంది. ట్రిమ్ బాగుంది కదా అని మోసపోవద్దు. లోడు మీద (గట్టిగా తొక్కినప్పుడు) ట్రిమ్ పెరిగితే మాత్రం పెట్రోలే చాలడం లేదు.

చీమకుర్తి దుమ్ము:
థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు) ఉందో లేదో కూడా చూడండి. ఎండ ప్రాంతం అని పీకి పారేసే అలవాటు మన వైపు ఇంకా పోలేదు. అది లేకుంటే ఇంజిన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, హైవే మీద మళ్లీ చల్లబడుతుంది. మీకు రెండు కిలోమీటర్లకే సర్దుకుంటోంది కాబట్టి ఇది కాకపోవచ్చు. వాన రోజుల్లో హ్యాండ్‌బ్రేక్ లాగి వదిలేస్తే వెనక డ్రమ్ములు పట్టేసినా బండి ఇట్టాగే లేవదు. కానీ అప్పుడు ఇంజిన్ తడబడదు.

కావలి షెడ్డు:
అన్నా, అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. చాలా సీఎన్‌జీ బండ్లు పెట్రోల్ మీదే స్టార్ట్ అవుతాయి, కూలెంట్ కొంత వేడెక్కాక గ్యాసుకు మారతాయి. మీ రెండు కిలోమీటర్లు అదేనేమో! ఇంజిన్ బాగా వేడెక్కాక స్విచ్ పెట్రోలుకు మార్చి, బైపాస్ మీద మూడో గేరులో 2000 నుంచి 4000 దాకా పూర్తిగా తొక్కండి. ట్రిమ్ ఎంతో రాయండి. ట్యాంకులో పెట్రోలు ఎంత, ఎప్పుడు పోయించింది?

పెన్నా ఒడ్డు:
చూశాను. స్టార్ట్ చేయకముందు గాలి 27, కూలెంట్ 27. పిన్నులు శుభ్రంగా ఉన్నాయి. వేడి మీద పెట్రోల్ మోడ్‌లో ఐడిల్ +5, ఫుల్‌గా తొక్కితే +21. అప్పుడూ పికప్ మందంగానే ఉంది, తడబాటు మాత్రం తక్కువ. గ్యాసులో ఏ తేడా లేదు. పెట్రోలు ఒక గీతే ఉంది, పోయించి నాలుగు నెలలు దాటింది.

కావలి షెడ్డు:
అయితే ఇది చలి జబ్బు కాదు, పెట్రోల్ జబ్బు. గ్యాసు మీద నడిచేటప్పుడు పెట్రోల్ ఇంజెక్టర్లలో (ఇంజిన్లోకి పెట్రోలు చిమ్మేవి) ప్రవాహం ఉండదు. మొనల దగ్గర మిగిలిన బొట్టు వేడికి ఎండి బంకలా పట్టేస్తుంది. నిల్వ పెట్రోలులో ముందు ఎగిరిపోయేది తేలికపాటి భాగం, చల్లటి ఇంజినుకు కావాల్సిందేమో అదే. పైగా ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమ పీల్చుకుంటుంది.

ముందు పాతది తీయించి 10 లీటర్లు కొత్తది పోయించండి. ఇంజెక్టర్ క్లీనర్ సీసా మీద రాసిన మోతాదులో కలిపి, ఆ పెట్రోలు అయ్యేదాకా గ్యాసు జోలికి పోవద్దు. లోడు ట్రిమ్ +10 లోపుకు దిగితే సరే. దిగకుంటే ఇంజెక్టర్లు విప్పే ముందు రైలు (ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టం) దగ్గర గేజి పెట్టించి ప్రెషర్ చూడాలి. మీ మోడల్ మాన్యువల్‌లో ఉన్న అంకె లోడు మీద కూడా నిలబడాలి. పడిపోతే ట్యాంకులో పంపు, దాని జాలి, ఫిల్టర్ చూడాలి. నిలబడితే ఇంజెక్టర్లు అల్ట్రాసోనిక్‌లో కడిగించి, నాలుగూ సమానంగా పోస్తున్నాయో లేదో గాజు గొట్టాల్లో కొలిపించండి. ఓ-రింగులు (ఇంజెక్టర్ల రబ్బరు చుట్లు) పాతవి మళ్లీ వేయనివ్వద్దు.

ఒంగోలు స్కానర్:
కావలి అన్న మాటే కరెక్టు, స్విచ్ సంగతి నాకు తట్టలేదు. ఒక జాగ్రత్త: రైలు విప్పే ముందు గ్యాసు సిలిండర్ చేతి వాల్వు మూయాలి, పంపు ఫ్యూజు తీసి ఇంజిన్ దానంతటది ఆగేదాకా నడపాలి, ఆ తర్వాత బ్యాటరీ నెగటివ్ ఊడదీయాలి. ప్రెషర్ ఉండగా విప్పితే పెట్రోలు మొహం మీదకే చిమ్ముతుంది.

పెన్నా ఒడ్డు:
ఈ ఆదివారం పాత పెట్రోలు తీయిస్తా. ఇకముందు ఎంత పెట్రోలు ఉంచాలి?

కావలి షెడ్డు:
పావు ట్యాంకుకు తగ్గనివ్వద్దు, పంపు చల్లబడేది ఆ పెట్రోలుతోనే. వారానికి ఒకసారి స్విచ్ పెట్రోలుకు మార్చి, వంతెన దాటి కోవూరు దాకా పోయి రండి.