వలస పోయే పేషెంట్ల ఫాలో-అప్: టీమ్‌లో ఎవరికి ఏ నిర్ణయం వదలాలి?

నమస్తే. పాలమూరు పల్లెల్లో మానసిక ఆరోగ్య సేవలు చూసే చిన్న టీమ్ మాది. సైకియాట్రిస్ట్ నెలకోసారి క్యాంపుకు వస్తారు. మిగతా రోజులు నర్సు, కౌన్సెలర్, ఆశా అక్కలే. దసరా దాటినంక మక్తల్, కోస్గి దిక్కు నుంచి జనం ముంబై, పుణె పనులకు పోతారు. క్యాంపు తేదీ మాత్రం కదలదు.

స్కిజోఫ్రెనియా లాంటి జబ్బుకు వేసే ఫ్లూఫెనజిన్ డిపో ఇంజెక్షన్ (మందు ఒంట్లో వారాలపాటు నిదానంగా పనిచేస్తుంది) రెండు నుంచి నాలుగు వారాలకోసారి పడాలి, కూలీలను తీసుకపోయే మేస్త్రీ బండి అందాక ఆగదు. బైపోలార్ జబ్బుకు లిథియం మాత్రలు వాడేవాళ్లతో ఇంకా భయం. ఎండలో ఇటుక బట్టీ పని, చెమట, నీళ్లు తక్కువ, పైగా ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్: రక్తంలో లిథియం పెరగడానికి ఇవి చాలు. చేతులు బాగా వణికినా, వాంతులైనా, తూలినా మాత్ర ఆపి వెంటనే దవాఖానకు పోవాలని చెప్తున్నాం. చీటీ రాసిస్తే చదివేవాళ్లు పక్కన ఉండాలిగా! పోనీ మూడు నెలల మందు ఒకేసారి ఇద్దామంటే, చనిపోవాలన్న ఆలోచనలున్న మనిషి చేతిలో అంత లిథియం పెట్టలేం.

అనుభవమున్నవాళ్లను అడిగేది: క్యాంపు తేదీ జరపడం, ఎక్కువ రోజుల మందివ్వడం, ఇంజెక్షన్ ముందుగా వేయడం, వీటిలో ఏవి నర్సుకు, ఆశాలకు వదిలారు? ఏవి డాక్టర్ దగ్గరే ఉంచారు? అవతలి రాష్ట్రంలోని జిల్లా టీమ్‌కు కేసు అప్పగించేటప్పుడు ఏం రాసిస్తారు? సర్కారు మానసిక ఆరోగ్య ఫోన్ హెల్ప్‌లైన్ టెలీ-మానస్ 14416 ఎక్కడున్నా పనిచేస్తుంది కానీ, ఇంజెక్షన్ వేయదు కదా.

ఇంకొకటి. ఆత్మహత్య జరిగిన ఊరికి పోయొచ్చిన ఆశాతో మాట్లాడే టైమ్‌ను రిజిస్టర్ లెక్కలే మింగేస్తున్నాయి. మీటింగ్‌లో దానికి చోటు ఎట్లా దొరికించుకున్నారు?