కావలి పుట్టింట్లో ఉంటూ డీవీసీ (గృహహింస కేసు): ఎక్కడ వేయాలి, ఆర్డరు పనికొస్తుందా?

పెన్నాగట్టు:
మెట్టినిల్లు ఒంగోలు. అమ్మాయి పిల్లల్తో కావలి పుట్టింటికొచ్చేసింది. భర్త రోజుకో కొత్త నంబరుతో ఫోన్లు, రాత్రిళ్లు తాగొచ్చి గేటు బాదడం. అతను ఆమె జోలికి రాకుండా కోర్టు ఇచ్చే ప్రొటెక్షన్ ఆర్డరు కావాలి. కేసు కావలిలో వేయొచ్చా, ముందు పీడీ ఆఫీసుకు (మహిళా శిశు సంక్షేమ శాఖ జిల్లా ఆఫీసు) పోవాలా, వకీలు ఖర్చెంత, ఆర్డరొచ్చినా స్టేషన్లో పట్టించుకుంటారా? తెలిసినవాళ్లు చెప్పండి.

నల్లకోటు_జూనియర్:
కావలిలోనే వేయండి. గృహహింస చట్టం 27వ సెక్షన్ ప్రకారం ఆమె తాత్కాలికంగా ఉంటున్న ఊరైనా చాలు. ఆధార్‌లో ఒంగోలు అడ్రసుంటే పుట్టింటి కరెంటు బిల్లో పిల్లల స్కూలు కాగితమో జతచేయండి. దెబ్బతినేది ఇంకోచోట. చాలామంది 12వ సెక్షన్ పిటిషనొక్కటే వేసి కూర్చుంటారు. దాంతోపాటే 23(2) కింద ఫారం-3 అఫిడవిట్‌తో మధ్యంతర ఉత్తర్వు అడగాలి. అడక్కపోతే అవతలాయన వకాలత్ వేసి, కౌంటరుకు (జవాబుకు) వాయిదాలు తీసుకునేదాకా చేతిలో కాగితం ముక్క ఉండదు. 60 రోజుల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టంలో ఉంది, నిజమే. దాన్ని నమ్ముకోకండి.

అంగన్‌వాడీ_అక్క:
అదంతా తర్వాత. ముందు పీడీ ఆఫీసు. ప్రొటెక్షన్ ఆఫీసరు ఫారం-1లో డీఐఆర్ (జరిగిన హింస మీద నివేదిక) రాయకుండా కోర్టుకు పోతే ఏం లాభం?

నల్లకోటు_జూనియర్:
అక్కా, డీఐఆర్ తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2022 మేలోనే తేల్చేసింది. ఇంకా జనాన్ని ఆఫీసుల చుట్టూ తిప్పుతారా?

అంగన్‌వాడీ_అక్క:
ఎవురు తిప్పుతుండారు? వకీలు ఫీజుల్లేనోళ్లు యాడికి పోవాల? తీర్పులు చదివితే సరిపోదు నాయనా, కాళ్లరిగేలా తిరిగేవాళ్లను చూడాల.

నల్లకోటు_జూనియర్:
ఫీజు లేకపోతే లీగల్ సర్వీసెస్ అథారిటీ ఉంది. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలునిస్తారు, 15100కి ఫోన్ చేస్తే చాలు. ఇది కూడా తెలీకుండా సలహాలు!

ఒంగోలుగిత్త:
ఏందయ్యా మీ గోల. డీవీసీ పిటిషన్లు మీరు చదివినవాటికంటే నేను రాసినవి ఎక్కువ. ఇద్దరూ సగం కరెక్టు. డీఐఆర్ లేకపోయినా కేసు నడుస్తుంది, ఉంటే మాత్రం కోర్టు దాన్ని చూడాల్సిందే. దెబ్బలు, ఆస్పత్రి చీటీ, అవతలివాళ్ల దగ్గరుండిపోయిన బంగారం, సామాను అన్నీ అందులో ఎక్కించుకోవచ్చు. ఆ మాట వదిలేసి ప్రార్థన (పిటిషన్లో కోర్టును కోరే భాగం) చూడండి. ‘వేధించకుండా ఆదేశించాలి’ అని రాస్తే గాల్లో రాసినట్టే. డోర్ నంబరుతో ఇల్లు, పిల్లల స్కూలు పేరు, ఆమె పనిచేసే చోటు, ఫోను, వాట్సాప్, మనుషుల్ని పంపించడం, ఒక్కోటీ విడివిడిగా రాయాలి. ఏది నిషేధమో ఆర్డర్లో లేకపోతే ఉల్లంఘనని ఎట్టా చూపిస్తావు?

మూలపేట_అత్త:
అందరూ కోడళ్లకే చెప్తారే. అత్తల మీద పెట్టే తప్పుడు కేసుల సంగతేంది?

ఒంగోలుగిత్త:
అమ్మా, కొడుకు కొడితే మీరూ ఇదే చట్టం కింద వేయొచ్చు. 2016 తీర్పు తర్వాత ఆడవాళ్లనూ ప్రతివాదులుగా చేర్చొచ్చు, అంటే కోడలి మీద కూడా. వృద్ధులకైతే 2007 చట్టం కింద ఆర్డీవో ట్రిబ్యునల్ వేరే ఉంది. తగాదా ఇక్కడొద్దు.

చేపలపులుసు:
మరి పక్కింటోడు వెంటపడుతుంటే?

నల్లకోటు_జూనియర్:
డీవీసీ కుదరదు, ఒకే ఇంట్లో కలిసి బతికిన కుటుంబ సంబంధం ఉండాలి. వెంటపడితే బీఎన్‌ఎస్ (ఐపీసీ బదులొచ్చిన చట్టం) 78వ సెక్షన్ కింద ఫిర్యాదు. లేదంటే సివిల్ కోర్టులో ఇంజంక్షన్, గొడవ ముదిరితే బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ బదులొచ్చిన చట్టం) 126వ సెక్షన్ కింద తహశీల్దారు దగ్గర బైండోవర్, అంటే గొడవ చేయనని పూచీకత్తు రాయించుకోవడం.

ఉదయగిరి_టెక్:
స్క్రీన్‌షాట్ల గురించి ఎవరూ మాట్లాడలేదేం? నంబరు, తేదీ కనపడకుండా కత్తిరించిన స్క్రీన్‌షాట్ చెత్తబుట్టకే. సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి. పార్ట్ ఏ ఫోన్ ఉన్నవాళ్లు, పార్ట్ బీ నిపుణుడు సంతకం పెట్టాలి. హ్యాష్ విలువ (ఫైలు మార్చలేదని చూపే కోడ్) రాసే గడి ఖాళీగా వదలొద్దు. అన్నిటికంటే ముందు ఆ ఫోను ఎక్స్ఛేంజికి ఇచ్చేయకండి! కాల్ రికార్డింగ్ అసలు ఫైలు దాంట్లోనే ఉండాలి.

పెన్నాగట్టు:
బాగుంది, స్టేషన్ సంగతి అడిగితే ఎవరూ పలకరే? నోటీసు తీసుకోకుండా తప్పించుకుంటే?

ఒంగోలుగిత్త:
పనిచేసే చోటు అడ్రసు కూడా ఇవ్వండి. అక్కడ ఉన్న బాధ్యుడికిచ్చినా చెల్లుతుంది. ఎవరూ తీసుకోకపోతే గోడకంటిస్తారు. ఆర్డరు కాపీ కోర్టు ఉచితంగా ఇవ్వాలి, స్టేషన్‌కూ పంపాలి. పంపుతార్లే అని ఊరుకోవద్దు. మీరే ఒక నకలు తీసుకెళ్లి, రెండో నకలు మీద స్టేషన్ ముద్ర, తేదీ వేయించుకోండి. గేటు మళ్లీ బాదితే 112కి చేసి, తర్వాత ఫిర్యాదులో ‘గొడవ చేశాడు’ అని రాయొద్దు. డీవీసీ నంబరు, ఆర్డరు తేదీ, ఏ షరతు, ఎన్నింటికి దాటాడో రాయండి. 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు లేదా 20,000 దాకా జరిమానా, రెండూ పడొచ్చు, బెయిల్ హక్కుగా రాదు. ‘భార్యాభర్తల గొడవ, కూర్చుని మాట్లాడుకోండి’ అంటే ముద్రేసిన కాగితం బల్లమీద పెట్టండి.

అంగన్‌వాడీ_అక్క:
ఇంకోటి. ఆర్డరొచ్చాక ఆ బిడ్డే ‘పిల్లోడికి జరం’ అని అతనికి ఫోన్ చేయకూడదు. ఆ కాల్ లిస్టే రేపు కోర్టులో అతని చేతికి ఆయుధం. చెప్పాల్సింది ఉంటే వకీలు ద్వారా చెప్పించండి.

నల్లకోటు_జూనియర్:
ఇది మాత్రం ఒప్పుకుంటా అక్కా.

చేపలపులుసు:
బైండోవర్ ఎన్నాళ్లుంటుందన్నా?