అంచు పెచ్చు లేస్తే లోపల మట్టి కనిపిస్తోంది, ఇది పింగాణీయేనా?

ప్రశ్న (మిర్యాలగూడ, డ్రాయింగ్ టీచర్): మా మరిది ఫ్రాన్స్ నుంచి పాత ప్లేటు తెచ్చాడు. తెల్లటి నునుపు మీద నీలం లతలు. పెచ్చు లేచిన చోట లేత ఎరుపు మట్టి. మోసపోయాడా?

జవాబు (నల్గొండ): పింగాణీ కాదు మేడం, అలాగని మోసమూ కాదు. దాన్ని ఫయాన్స్ అంటారు. మట్టి ప్లేటును ఒకసారి కాల్చి, తగరం ఆక్సైడ్ కలిపిన గ్లేజులో (కాల్చాక గాజులా మెరిసే పూత) ముంచుతారు. ఆ తెలుపు తగరానిదే. రెండోసారి కాల్చకముందే, ఆరిన గ్లేజు మీద బొమ్మ వేయాలి. రంగును ఠక్కున పీల్చేస్తుంది, దిద్దే వీలుండదు. మీరు డ్రాయింగ్ టీచర్ కదా, ఆ టెన్షన్ మీకే తెలుసు! ఆ వేడికి నిలిచే రంగులు కొన్నే: కోబాల్ట్ నీలం, రాగి ఆకుపచ్చ, మాంగనీసు ఊదా, ఆంటిమొనీ పసుపు. 18వ శతాబ్దం మధ్యలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌వాళ్లు గులాబీ రంగు కోసం మళ్లీ తక్కువ వేడిలో కాల్చారు. నాకైతే నీలమే అందం.

జవాబు (పాలమూరు): లతలు అంచు నుంచి మధ్యకు తోరణంలా దిగుతున్నాయా? అయితే ఫ్రాన్స్‌లోని రువాన్ ఊరి పద్ధతి. 1709లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ యుద్ధ ఖర్చులకు వెండి సామాను కరిగించాక దొరలు వీటిమీద పడ్డారు.

ప్రశ్న అడిగినవారు: అవును, తోరణమే! మా అత్తమ్మ అందులో నిమ్మకాయ తొక్కు పెడతానంటోంది.

జవాబు (నల్గొండ): వద్దే వద్దు. ఆ గ్లేజులో సీసం కూడా ఉంటుంది, పులుపుకు తిండిలోకి దిగుతుంది. గోడకు తగిలించండి.