విదేశాలు తిరగకపోతే టాగోర్ బొమ్మలు వేసేవాడా?

వాల్తేరు అప్‌లాండ్స్:
నిన్న సాయంత్రం ద్వారకానగర్ లైబ్రరీలో టాగోర్ బొమ్మల మీద ప్రసంగం ఉంటే వెళ్ళాను. వక్త గారు స్లైడ్లు తిప్పుతూ తిప్పుతూ "అర్జెంటీనా, పారిస్ లేకపోతే ఈయన కవిగానే మిగిలిపోయేవాడు" అనేశారు. అంతే, వెనక వరసల్లో రగడ. కింద టీకొట్టు దగ్గరా తెమల్లేదు. అందుకే ఇక్కడ పెడుతున్నా.

నేను వక్త గారి పక్షమే. 1924లో పెరూకి బయల్దేరిన మనిషి దారిలో జబ్బుపడి బ్యూనోస్ ఐరిస్‌లో ఆగిపోయాడు. విక్టోరియా ఒకాంపో అనే రచయిత్రి శాన్ ఇసిద్రోలో నదికి ఎదురుగా ఉన్న ఇంట్లో దింపి కనిపెట్టుకుని చూసింది. 'పూరబి' కవితలు రాసుకుంటున్న నోటుబుక్కులో కొట్టివేతలు బొమ్మలైపోతుంటే చూసి ముచ్చటపడింది ఆవిడే. 1930 మేలో పారిస్‌లోని పిగాల్ గాలరీలో తొలి ప్రదర్శన కుదిర్చిందీ ఆవిడే. అప్పటికి ఈయన డెబ్బైకి దగ్గరపడ్డాడు. ఇంకేం రుజువు కావాలి?

రంగులపిచ్చి:
సార్, నేను ఫైనార్ట్స్ విద్యార్థిని. వక్త గారి లెక్కలో ఓ ఏడాది తప్పిపోయింది. 'రక్తకరబి' నాటకం రాతప్రతి 1923 నాటిది. అందులోనే కొట్టివేతలు మెలికలు తిరిగాయి. అప్పటికి అర్జెంటీనా ఊసే లేదు.

ఆ పేజీలు పెద్దవి చేసి చూడండి. ముందు ఒక మాట కొట్టేశాడు. ఒక గీతతో ఊరుకోకుండా కిందకీ పైకీ గీసి నల్లటి ముద్ద చేశాడు. రెండు పాదాల కింద ఇంకో ముద్ద. ఈ రెంటినీ ఓ వంపు గీతతో కలిపాడు, దానికో కొస వచ్చింది, ఆ కొస ముక్కయింది. కొట్టెయ్యని అక్షరాలు ఆ నలుపు మధ్యలో తెల్లగా మిగిలిపోయి ఉంటాయి. పక్షిని వేద్దామని కూర్చున్న చెయ్యి కాదది. పద్యం చెడిపోయినప్పుడు పేజీ అసహ్యంగా ఉండకూడదనుకున్న చెయ్యి. దానికి ఓడ టికెట్ ఎందుకండీ?

ఉక్కునగరం పెద్దాయన:
ఏటండీ ఈ గొడవ! కవీ చిత్రకారుడూ ఒక్కడే కావాలంటే మనకి అడివి బాపిరాజు గారు లేరా? ఆయన ఏ ఓడ ఎక్కారు? బందరు జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ ఛటర్జీ దగ్గర నేర్చుకున్నారు, 'శశికళ' పాటలు రాసుకున్నారు, బొమ్మలు వేసుకున్నారు. గీత ఎంత శుద్ధంగా ఉంటాదో!

టాగోర్ గారి బొమ్మల్లో నాకు గీతా కనపడదు, రంగూ కనపడదు. ఆయనకి ఎరుపు సరిగ్గా ఆనేది కాదని పరిశోధకులే అంటున్నారు కదా. పారిస్‌లో ముద్ర పడింది కాబట్టి కళ్ళకద్దుకున్నాం. అల్లుడు అమెరికా నుంచి తెచ్చిన సబ్బు పెట్టెలోంచి తీయకుండా దాచుకున్నట్టు.

సీతమ్మధార లెక్చరర్:
పెద్దాయన గారూ, సబ్బు మాటకి నవ్వొచ్చింది గానీ, బాపిరాజు గారి విషయంలో మీ వాదం మీకే అడ్డం తిరుగుతుంది. బందరు బడికి ఆ పద్ధతి వంగదేశం నుంచి వచ్చింది. వంగదేశంలో టాగోర్‌కి అన్న కొడుకు వరసైన అవనీంద్రనాథ్ ఆ మసక మసక నీటిరంగుల వాష్ పట్టుకున్నది 1903లో కలకత్తా వచ్చిన జపాన్ చిత్రకారులు యొకొయామా తైకాన్, హిషిదా షున్‌సోల పని చూసి. బాపిరాజు గారు ఓడ ఎక్కలేదు, నిజమే. ఓడలే ఇటొచ్చాయి.

అసలు టాగోర్ ప్రయాణాల్లో ఇప్పటిదాకా ఈ చర్చలో ఎవరూ ఎత్తని దేశం జపాన్. 1916లో రవీంద్రుడు యొకొహామాలో హరా తొమితారో అనే పట్టు వ్యాపారి ఇంట్లో బస చేశాడు. తైకాన్, షిమొమురా కంజాన్ వేసిన తెరల బొమ్మలు చూశాడు. గోడంత బొమ్మ, అందులో సగానికి పైగా ఖాళీ. మతిపోయింది. ఆరాయ్ కంపో అనే అక్కడి చిత్రకారుడి చేత వాటికి నకళ్ళు తీయించి, ఆయన్నే కలకత్తా రప్పించి, జొరాసాంకోలోని తమ ఇంట్లో పాఠాలు చెప్పించాడు. గగనేంద్ర, అవనీంద్రులకి ఇల్లు కదలరేమని ఉత్తరాల్లో దెప్పిపొడిచాడు కూడా.

ఇంతా చేసి ఆయన కుంచె పట్టాడా? పట్టలేదు. తీరుబడిగా బొమ్మల్లో పడింది 1928 ప్రాంతంలో. అంటే ప్రయాణం చేస్తే చాలు చిత్రకారుడైపోతాడన్న వక్త గారి మాట నిలవదు. అలాగని ప్రయాణాలకి ఏ పాత్రా లేదనీ అనలేం. 1921లో జర్మనీలోని వైమార్ వెళ్ళాడు, మరుసటేడు అక్కడి బౌహౌస్ అనే కళాశాల వాళ్ళ బొమ్మలు కలకత్తాలో ప్రదర్శనకొచ్చాయి. 1927లో జావా, బాలీ తిరిగాడు. ఆ తర్వాత వేసిన ముఖాలు చూడండి, సగం ముసుగుల్లా ఉంటాయి. ఇంట్లో అన్న కొడుకుల వరస గగనేంద్ర, అవనీంద్రులే దేశంలో పేరుమోసిన చిత్రకారులు. వాళ్ళలా వేస్తే వాళ్ళ వెనక పడతాడు. బొమ్మ అలా ఉండక్కర్లేదని ఆయనకి ధైర్యం ఇచ్చింది బయట చూసిన సరుకే. నా లెక్కలో ప్రయాణాలు ఆయనకి చేసిన ఉపకారం అది.

ఇక పారిస్ ముద్ర సంగతి. అదే 1930లో బెర్లిన్‌లోనూ ప్రదర్శన జరిగింది. అక్కడి నేషనల్ గాలరీకి ఐదు బొమ్మలిచ్చాడు. 1937లో నాజీలు భ్రష్టకళ అని ఏరి పారేసినవాటిలో అవీ ఉన్నాయి. ఆ ముద్రని నమ్ముకుంటే ఇలాగే ఉంటుంది.

వాల్తేరు అప్‌లాండ్స్:
జపాన్ మాట ఒప్పుకుంటున్నా మేడమ్. అయినా పారిస్ పెట్టకపోతే ఆ కాగితాలు శాంతినికేతన్ అలమరాల్లోనే ఉండేవి కదా. 1933 డిసెంబరులో రాధాకృష్ణన్ గారు వైస్ ఛాన్సలర్‌గా ఉండగా మన ఆంధ్రా యూనివర్సిటీకే వచ్చి 'మనిషి' మీద ఉపన్యాసాలిచ్చాడు. అవి పుస్తకంగానూ వచ్చాయి. అప్పటికి యూరప్, అమెరికా చుట్టొచ్చిన చిత్రకారుడాయన. వాల్తేరులో ఆ ఉపన్యాసాల గురించి చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు గానీ బొమ్మల ఊసెత్తినవాళ్ళు నాకు తగల్లేదు.

ఉక్కునగరం పెద్దాయన:
ఊసెత్తకపోవడానికి కారణం నేను చెప్పాను కదా బాబూ.

రంగులపిచ్చి:
పెద్దాయన గారూ, మిమ్మల్ని ఒప్పించడం నావల్ల కాదు గానీ ఒక్కటి అడుగుతాను. రెండు వేలకి పైగా బొమ్మలు వేశాడు. పెన్ను పాళీతో, గుడ్డపేలికతో, వేళ్ళతో రంగు సిరాలు రుద్ది రుద్ది వేశాడు. చాలావాటికి పేర్లు కూడా పెట్టలేదు. నేను అచ్చులో చూసినవాటిలో పారిస్ వీధి ఏదీ? శాన్ ఇసిద్రో నది ఏదీ? ప్రకృతి దృశ్యాలు తీస్తే నల్లటి చెట్లు, వాటి వెనక పసుప్పచ్చగా మండే ఆకాశం. శాంతినికేతన్ ఉన్న బీర్‌భూమ్ సాయంత్రాలే.

కవిత్వంలో అలా కాదు. 'పూరబి'లో 'విదేశీ పూలు' అని ఏకంగా ఒక కవితే ఉంది, అర్జెంటీనాలో రాసింది. కవి ఆ పూలకి కవిత రాసిస్తే చిత్రకారుడు వాటిని ఎందుకు ముట్టుకోలేదో, వక్త గారు మళ్ళీ వచ్చినప్పుడు నేనే అడుగుతాను.